దాల్చిన చెక్క నూనె: సీసా మీద 'బార్క్' అని ఉందా.. 'లీఫ్' అని ఉందా? వాడే ముందు ఇది చూసుకోండి

దాల్చిన చెక్క లేని గరం మసాలా మన ఇళ్లలో ఉండదు. ఇప్పుడు దాని నూనె కూడా చిన్న సీసాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. పంటి నొప్పి నుంచి షుగర్ దాకా అన్నింటికీ ఇదే మందు అని చెప్పే వీడియోలకు కొదవే లేదు. ఇంతకీ ఈ నూనెలో ఏముంది? నిజంగా దేనికి పనికొస్తుంది?

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే.. దాల్చిన నూనె అంటే ఒకటే నూనె కాదు. శ్రీలంక దాల్చిన చెట్టునే తీసుకుంటే, బెరడుకు ఆవిరి పట్టించి తీసిన నూనె ఒకటి, ఆకుల నుంచి తీసింది ఇంకొకటి. బెరడు నూనెలో సగానికి పైగా ఉండేది సిన్నమాల్డిహైడ్. చెక్కకు ఉండే తీపి ఘాటు వాసన దీనిదే. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్తలు 1834లోనే దీన్ని విడదీశారు. ఆకు నూనెలో మాత్రం ఇది చాలా తక్కువ. అందులో 70 నుంచి 90 శాతం దాకా యూజినాల్ ఉంటుంది. లవంగం నూనెలో ఉండేది కూడా ఇదే కాబట్టి, మూత తీయగానే లవంగం వాసన వస్తుంది. అదే చెట్టు వేరు బెరడులోనైతే కర్పూరం ఎక్కువ! వీటికి తోడు లినలూల్, కారియోఫిలిన్ లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి.

ఇక మార్కెట్‌లో చవగ్గా దొరికే కాసియా.. చైనా రకం. దీని నూనెలో సిన్నమాల్డిహైడ్ ఇంకా ఎక్కువ. పైగా కాసియా చెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ రోజులు ఎక్కువగా తింటే కొందరిలో లివర్‌పై ప్రభావం చూపుతుంది. శ్రీలంక చెక్కలో ఇది నామమాత్రమే. 100 కిలోల శ్రీలంక బెరడు నుంచి వచ్చే నూనె మహా అయితే కిలో, కిలోన్నర. అందుకే అసలైన బెరడు నూనె ధర ఎక్కువ. అందులో ఆకు నూనో, ఫ్యాక్టరీలో తయారైన సిన్నమాల్డిహైడో కలిపి అమ్మడం పాత అలవాటే.

ఉపయోగాల సంగతికొస్తే.. ల్యాబ్ పరీక్షల్లో ఈ నూనెకు మంచి పేరే ఉంది. ఈ-కోలై, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాలను, క్యాండిడా ఫంగస్‌ను అడ్డుకుంటుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. సిన్నమాల్డిహైడ్ సూక్ష్మజీవుల కణ పొరను దెబ్బతీస్తుంది. 2004లో తైవాన్ శాస్త్రవేత్తలు డెంగీ దోమ లార్వాలపై తమ దేశపు దాల్చిన ఆకు నూనెను ప్రయోగిస్తే, చాలా తక్కువ మోతాదుకే చనిపోయాయి. యూజినాల్‌కైతే దంత వైద్యంలో ఎప్పటి నుంచో చోటుంది. నొప్పి తగ్గించే తాత్కాలిక ఫిల్లింగ్‌లలో జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడతారు.

అయితే గాజు పళ్లెంలో బ్యాక్టీరియా చావడం వేరు, మనిషి ఒంట్లో జబ్బు తగ్గడం వేరు. షుగర్ విషయంలో జరుగుతున్న గందరగోళం ఇదే. మనుషులపై జరిగిన అధ్యయనాలు ఎక్కువగా చెక్క పొడి మీద జరిగాయి, నూనె మీద కాదు. వాటి ఫలితాలు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. కాబట్టి 'రోజూ రెండు చుక్కలు తాగండి' అనే సలహాకు ఆధారం లేదు. డాక్టర్ ఇచ్చిన షుగర్ మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోవడం ప్రమాదకరం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సూక్ష్మజీవులను దెబ్బతీసే సిన్నమాల్డిహైడే చర్మాన్నీ మండిస్తుంది. ఎలర్జీ తెప్పించే సువాసన పదార్థాల జాబితాలో యూరప్ దీన్ని ఎప్పుడో చేర్చింది. దాల్చిన ఫ్లేవర్ చూయింగ్ గమ్, టూత్‌పేస్ట్‌తోనే కొందరికి నోరు పూస్తుంది. అందుకే చర్మానికి రాసే బెరడు నూనె 0.07 శాతం దాటకూడదని అరోమాథెరపీ భద్రతా గ్రంథాలు చెబుతున్నాయి. ఆకు నూనెకైతే 0.6 శాతం. లెక్క వేస్తే 100 మి.లీ. కొబ్బరి నూనెకు బెరడు నూనె ఒక్క చుక్క! వీడియోల్లో చెప్పే ఐదారు చుక్కలు ఎంత ఎక్కువో దీన్నిబట్టే అర్థమవుతుంది. స్నానం నీళ్లలో వేయడమూ మంచిది కాదు. ఇది నీళ్లలో కలవదు, నేరుగా ఒంటికి అంటుకుంటుంది.

గర్భిణులు, చిన్న పిల్లలు దీనికి దూరంగా ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆకు నూనె విషయంలో డాక్టర్‌ను అడగాల్సిందే. యూజినాల్‌కు రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేసే గుణం ఉంది. పొరపాటున చర్మం మీద ఒలికితే ముందు వంట నూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ఎక్కువ నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

కొనేటప్పుడు లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం చూడండి. సిన్నమోమమ్ వీరమ్ లేదా జైలానికమ్ అని ఉంటే శ్రీలంక రకం, కాసియా అని ఉంటే చైనా రకం. దాని పక్కనే బార్క్, లీఫ్ అన్నది కూడా రాసి ఉండాలి. ఈ రెండూ లేని సీసాలో ఏ నూనె ఉందో చెప్పడం కష్టం.