స్వయంనిర్మిత విమానాల్లో కారు ఇంజను: ఒక భద్రతా సమస్య చరిత్ర

ప్రస్తావన

సొంత షెడ్డులో విమానం నిర్మించుకునే ఔత్సాహికుడికి అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇంజను. విమానాల కోసమే తయారై ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన ఇంజనుతో పోలిస్తే కారు ఇంజను ధర చాలా తక్కువ. అందువల్ల కారు ఇంజనును ఆకాశానికి ఎక్కించాలనే ఆలోచన దాదాపు విమానమంత పాతది. ఆ ప్రయత్నాల్లో జరిగిన ప్రమాదాలకు కారు ఇంజను స్వతహాగా బలహీనమైనది కావడమే కారణమన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. చారిత్రక ఆధారాలను పరిశీలిస్తే ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. ఇంజనును ప్రొపెల్లర్‌తో కలిపే భాగాలు, దానికి ఇంధనాన్ని, విద్యుత్తును, చల్లదనాన్ని అందించే ఏర్పాట్లు, ఈ మొత్తం కూర్పును ఎవరు పరీక్షించారన్న ప్రశ్న, ప్రమాదానికి అసలు మూలాలు ఇవి.

తొలి దశ

రైట్ సోదరులు తమ విమానానికి ఇంజను కోరుతూ పలు మోటారు కంపెనీలకు లేఖలు రాశారు. తగినంత తేలికైన ఇంజనును ఇవ్వగల కంపెనీ దొరకలేదు. చివరికి వారి దుకాణంలోని మెకానిక్ చార్లీ టేలర్ సుమారు 12 హార్స్‌పవర్ ఇంజనును తయారుచేశాడు. 1903 నాటి ఆ విమానంలో ఇంజను వేగాన్ని తగ్గించి గొలుసుల ద్వారా ప్రొపెల్లర్లకు అందించారు. ఇంజనుకు అనువైన వేగం వేరు, ప్రొపెల్లర్‌కు అనువైన వేగం వేరు అన్న చిక్కు ఆ విధంగా మొదటి విమానంలోనే ఉంది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్ గ్రామానికి చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఈ చిక్కును దాటిన తీరు గమనార్హం. ఆయన తన ‘ఎయిర్ క్యాంపర్’ విమానానికి ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనును అమర్చాడు. కారులో ఆ 3.3 లీటర్ల ఇంజను నిమిషానికి 2,200 చుట్ల వద్ద 40 హార్స్‌పవర్ ఇచ్చేది. అది ప్రొపెల్లర్‌కు సహజంగా సరిపోయే వేగం కనుక గేర్ల అవసరం రాలేదు. ఇంజనును వెనకకు తిప్పి, ఫ్లైవీల్ ఉండే కొసకే ప్రొపెల్లర్ బిగించాడు. కారు ఇంజనుతో విమానం ఎగరదన్న సంపాదకుడు వెస్టన్ ఫార్మర్‌కు 1930లో ఎగిరి వెళ్లి చూపించాడు కూడా. ఈ విజయాన్ని కేవలం సాహసగాథగా చదవడం సరికాదు. ఇంజను నుండి దాని శక్తికి మించి ఆశించకపోవడం, మధ్యలో అదనపు యంత్రాంగం లేకపోవడం దీనికి ఆధారాలు.

1930ల మధ్యలో ఇంగ్లండులో వెర్రిగా వ్యాపించిన ‘ఫ్లయింగ్ ఫ్లీ’ ఉదంతం ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్రెంచివాడైన ఆంరీ మిన్యే రూపొందించిన ఆ చిన్న విమానాలకు అక్కడ కొందరు ఫోర్డ్ కారు ఇంజను నుండి రూపొందిన కార్డెన్-ఫోర్డ్ ఇంజనును వాడారు. వరుస మరణాల తర్వాత ఫార్న్‌బరోలో జరిపిన గాలి సొరంగ పరీక్షల్లో తేలిన దోషం మాత్రం ముందు, వెనక రెక్కల అమరికది. ప్రమాదాల జాబితాలో కారు ఇంజను కనిపించినంత మాత్రాన అదే కారణమని నిర్ణయించరాదు.

వేగం పెరిగిన తర్వాత

యుద్ధానంతరం గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ ఇంజను ఔత్సాహికులకు ప్రీతిపాత్రమైంది. 1960లలో పీటెన్‌పోల్ షెవర్లే కోర్వేర్ ఇంజనును స్వీకరించాడు. ఇక్కడ క్రాంక్‌షాఫ్ట్ సమస్య ముందుకు వచ్చింది. కారులో అది క్లచ్‌ను మాత్రమే తిప్పుతుంది. విమానంలో ప్రొపెల్లర్ బరువును, లాగుడును, మలుపుల్లో అది కలిగించే వంపు ఒత్తిడిని మోయాలి. కోర్వేర్ క్రాంక్‌షాఫ్టులు విరిగిన ఘటనల తర్వాతనే ప్రొపెల్లర్ వైపు అదనపు బేరింగు అమర్చే పద్ధతి వచ్చింది.

సుబారు, హోండా వంటి నీటితో చల్లబడే ఆధునిక ఇంజన్లు ఎక్కువ శక్తిని ఇచ్చేది నిమిషానికి 5,000 చుట్ల పరిధిలో. అంత వేగంతో తిరిగితే మామూలు ప్రొపెల్లర్ కొసలు ధ్వనివేగాన్ని మించుతాయి. కనుక గేర్లో, బెల్టులో తప్పవు. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ఇంజను ఒకే ఒరవడిలో తిప్పదు. సిలిండర్‌లో ప్రతి మంటకూ ఒక తోపు. కారులో క్లచ్ స్ప్రింగులు, టైర్లు ఆ తోపులను మింగివేస్తాయి. విమానంలో ఆ చివర బరువైన ప్రొపెల్లర్ ఉంటుంది. తోపుల లయ ఇరుసు సహజ కంపనంతో కలిస్తే గేరు పళ్లు, ఇరుసులు విరిగిపోతాయి. మోల్టన్ టేలర్ తన ఎగిరే కారు ‘ఏరోకార్’లో పొడవైన ఇరుసుకు ఉక్కు గుండ్లతో పనిచేసే కప్లింగు వాడింది ఇందుకే.

కారు ఇంజను గంటల తరబడి భారం మోయలేదన్న వాదన మాత్రం సగమే నిజం. కంపెనీలు తమ ఇంజన్లను పరీక్షశాలల్లో పూర్తి భారంతో వందల గంటలు నడుపుతాయి. అయితే అక్కడి శీతలీకరణ పరీక్షశాలది. ఇరుకైన విమాన ముక్కులో రేడియేటర్ అమరిక నిర్మాత ఊహకు వదిలినది.

ఆ దూరాన్ని పూడ్చడానికి ఎంత శ్రమ కావాలో పోర్షే అనుభవం చెబుతుంది. 911 కారు ఇంజను ఆధారంగా రూపొందించిన పీఎఫ్ఎం 3200కు 1984లో ధ్రువీకరణ లభించింది. 5,300 చుట్లను ప్రొపెల్లర్ వద్ద సుమారు 2,300కు తగ్గించే గేర్లు, జంట జ్వలన వ్యవస్థ అందులో ఉన్నాయి. అయినా 1991లో ఉత్పత్తి ఆగిపోయింది. ధ్రువీకరణ సైతం అన్నిటినీ పట్టుకోలేదు. 2007 మార్చిలో జర్మనీలోని స్పేయర్‌లో, మెర్సిడెస్ కారు డీజిల్ నుండి రూపొందిన రెండు ఇంజన్లు గల డైమండ్ విమానం బలహీనమైన బ్యాటరీతో బయలుదేరింది. చక్రాలు లోపలికి ముడిచిన క్షణంలో విద్యుత్ పీడనం పడిపోయి ఇంజన్లను నియంత్రించే కంప్యూటర్లు మొదటికి వచ్చాయి. రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగాయి. ఇంజన్లలో యాంత్రిక లోపమేదీ లేదు.

ధ్రువీకరణ కోరే ఇంజను అమెరికా నిబంధనల ప్రకారం 150 గంటల ఓర్పు పరీక్షకు నిలవాలి. స్వయంనిర్మిత విమానం ఇంజనుకు ఆ నిబంధన లేదు. ఆ పరీక్ష నిర్మాత తలపైనే, గాలిలోనే జరుగుతుంది. ఒక షెడ్డులో విరిగిన గేరు సంగతి మరో షెడ్డుకు చేరడానికి ఖచ్చితమైన మార్గమూ లేదు, ఎందుకంటే ఏ రెండు కూర్పులూ ఒకటి కావు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012 నివేదిక ప్రకారం, ఆ దేశపు సాధారణ విమానాల్లో దాదాపు 10 శాతమైన స్వయంనిర్మితాలు 2011లో ప్రాణాంతక ప్రమాదాల్లో 21 శాతానికి కారణమయ్యాయి. ఇంజను వ్యవస్థ వైఫల్యం ప్రధాన కారణాల్లో ఒకటి. ఈ లెక్కలో కారు ఇంజన్లే కాక అన్ని రకాల ఇంజన్లూ ఉన్నాయి. మండలి చేసిన సిఫార్సుల్లో ఒకటి, తొలి ఎగురుడుకు ముందే ఇంధన వ్యవస్థను నేలమీద పరీక్షించి ఆ పత్రాలను సమర్పించాలన్నది.