ఇంటి లైనులో వరుస న్యాయము

ఒకే ఇంటర్నెట్ కనెక్షనును ఇంటిల్లిపాది వాడుకొనునప్పుడు, ఒకరు పెద్ద ఫైళ్లను పంచుకొన నారంభింపగానే తక్కినవారి పనులు నిలిచిపోవుట పెక్కు ఇండ్లలో కలిగిన అనుభవమే. లైను వేగము చాలకపోవుటయే కారణమని తోచును. కాని అసలు చిక్కు వరుసలో ఉన్నదని స్పష్టపడుటకు సుమారు పాతికేండ్లు పట్టినది.

ఇంటర్నెట్టులో సమాచారము ప్యాకెట్లు అను చిన్న పొట్లములుగా ప్రయాణించును. లైను మోయగలిగినదానికంటె ఎక్కువ ప్యాకెట్లు వచ్చినచో అవి రౌటరులో వరుస కట్టి వేచియుండును. చోటు నిండిన పిమ్మట వచ్చినవి పారవేయబడును.

అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు నడుమ దూరము సుమారు 400 గజములే. అయినను 1986 అక్టోబరులో ఆ మార్గమున వేగము సెకండుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయెను. జవాబు ఆలస్యమైనకొలది యంత్రములు పంపినదానినే మరల పంపుటచే రద్దీ ఇంకను పెరిగినది. వాన్ జాకబ్సన్ 1988లో దీనికి పరిష్కారమును ప్రకటించెను: ప్యాకెట్టు పోయినచో అది రద్దీకి గుర్తు, పంపు యంత్రము వెంటనే వేగమును తగ్గించుకొనవలెను.

2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్‌ను రూపొందించెను. ఇందులో ఫైలును పొందుచున్నవారే దాని ముక్కలను ఇతరులకు అందించుచుందురు. అందుచే ఒకే యంత్రము నుండి ఒకేసారి పెక్కు సమాచార ధారలు నడచును. జాకబ్సన్ నియమమున వంతు ధారకే గాని మనిషికి కాదు. ఒకరు 40 ధారలను, మరియొకరు ఒక్కదానిని నడిపినచో, తక్కిన పరిస్థితులు సమానమైనప్పుడు 41 వంతులలో 40 మొదటివారికే చెందును. టిక్కెట్ల కిటికీ వద్ద ఒకడే నలుబది మందిని నిలబెట్టినట్లన్నమాట.

దీనికి తోడు, ప్యాకెట్లు పోకుండుటయే మేలని తలచి మోడెములలోను రౌటర్లలోను నిల్వస్థలమును పెంచిరి. సెకండుకు 256 కిలోబిట్లు పంపగల లైను ముందు 256 కిలోబైట్ల నిల్వ ఉన్నదనుకొందము. బైటుకు 8 బిట్లు గనుక ఆ వరుస కదలి పోవుటకు 8 సెకండ్లు పట్టును! ప్యాకెట్టు పోలేదు గనుక పంపు యంత్రమునకు రద్దీ సంగతి సకాలమున తెలియదు. 2010లో జిమ్ గెటిస్ తన ఇంటి లైనులోనే ఈ జాప్యమును గమనించెను. దీనికి 'బఫర్‌బ్లోట్' అను పేరు వచ్చినది.

2012లో క్యాథలీన్ నికోల్స్, జాకబ్సన్ 'కోడెల్' అను పద్ధతిని ప్రకటించిరి. ఇది వరుస పొడవును గాక, ప్యాకెట్టు వేచిన కాలమును కొలుచును. ఆ కాలము 100 మిల్లీసెకండ్లపాటు 5 మిల్లీసెకండ్లకు తగ్గకున్నచో ప్యాకెట్లను పారవేయ నారంభించును. ఒక్కొక్కరికి వేరు వరుస కట్టి వంతులవారీగా పంపవచ్చునని జాన్ నేగిల్ 1985లోనే సూచించియుండెను. ఈ రెండు భావములును కలిసిన పద్ధతులు తరువాత రౌటర్లలో చేరినవి. 2018లో లైనక్స్‌లో చేరిన 'కేక్' మొదట ఇంటిలోని యంత్రములకు, పిమ్మట వాని ధారలకు వంతులు పంచగలదు.

అయితే ఒక నియమము పాటింపవలెను. ఇంటి రౌటరులో వేగపరిమితిని లైను వేగమునకంటె కొంచెము తక్కువగా ఉంచవలెను. లేనిచో వరుస మోడెములో పెరుగును. రౌటరులోని న్యాయము దానికి అందదు. ప్యాకెట్టును పారవేయుట నష్టముగా తోచినను, సకాలమున పారవేసినదే తక్కినవారికి దారి విడిపించును.