ఎవరి జోలెలో ఎవరి అన్నం

అమెరికాలో బ్లూగ్రాస్ అని ఒక సంగీతం ఉంది. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేస్, వీటితో పాడే పల్లెటూరి పాట. కెంటకీలో పుట్టిన బిల్ మన్రో తన బృందానికి 'బ్లూ గ్రాస్ బాయ్స్' అని పేరు పెట్టుకున్నాడు. చివరికి ఆ బృందం పేరే సంగీతానికీ స్థిరపడింది. నిజం చెప్పాలంటే నాకు ఆ పాటలకన్నా వాటి చుట్టూ అల్లుకున్న సంఘాల మీద ఆసక్తి ఎక్కువ. ఊరూరా అభిమానుల సంఘాలుంటాయి. వారానికో నెలకో ఒకచోట చేరి, వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కలిసి వాయించుకుంటారు. 1985లో వాయించేవాళ్ళూ, కచేరీలు పెట్టేవాళ్ళూ, రికార్డులు వేసేవాళ్ళూ కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1987లో, ఒక సహాయ నిధి మొదలైంది. ఈ సంగీతం మీదే బతికేవాడికి జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, ఇల్లు కాలిపోయినా ఆదుకోడానికి.

ఇది చదివినప్పుడు నాకు మన కృష్ణ దిగువ గుర్తొచ్చింది. మొవ్వ, కూచిపూడి, శ్రీకాకుళం, పెదకళ్ళేపల్లి: బస్సెక్కితే ఒక్కపూటలో నాలుగూ చూసి రావచ్చు. పదాల క్షేత్రయ్యది మొవ్వ అంటారు. కూచిపూడి సంగతి చెప్పక్కర్లేదు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజు శిష్యపరంపర ఆంధ్రలోకి వచ్చిన దారుల్లో ఒకటి దివిసీమ మీదుగానే వచ్చింది. ఇంత పాట, ఇంత ఆట ఈ కొద్దిపాటి నేలలో పుట్టి నిలిచిందంటే దానికి ఎవరో ఒకరు అన్నం పెట్టి ఉండాలి. ఎవరు పెట్టారు? ఎవరికి పెట్టారు? ఎవరిని విస్తరి ముందునుంచి లేపేశారు?

మొదటి జవాబు భూమి. కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి గోల్కొండ నవాబు తానీషా ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. 1763 నాటి ఒక పంపకాల పత్రంలో 15 కుటుంబాల లెక్క కనిపిస్తుంది. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల లాంటి ఇంటిపేర్లు ఈనాటికీ ఆ ఆటతోనే వినిపిస్తాయి. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడట. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అదొక సభ్యత్వ నిబంధన: ఈ ఊళ్ళో నీకు వాటా ఉంది, ఈ ఆటలో నీకు బాధ్యత ఉంది. భూమి తిండికి భరోసా. మేళం కట్టి ఊళ్ళు తిరిగితే వచ్చేది పైఖర్చుకి. మూడు శతాబ్దాలు ఒక కళ ఒక ఊళ్ళో నిలబడటం వెనక భక్తి ఎంత ఉందో ఈ ఏర్పాటూ అంతే ఉంది.

రెండో జవాబు గురువుగారి ఇల్లు. పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారుండేవారు. త్యాగరాజు శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకుని, ఆ పాఠం తెచ్చి దివిసీమలో చెప్పారు. ఆయన శిష్యుడు శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంటే బాలమురళికీ త్యాగరాజుకీ మధ్య ముగ్గురే మనుషులు. గురుకులంలో శిష్యుడు డబ్బిచ్చి పాఠం కొనుక్కోడు. ఇంట్లోనే ఉంటాడు, ఇంటి పని చేస్తాడు, వండింది తింటాడు, వింటూ నేర్చుకుంటాడు. అందులో ఎక్కువ భారం మోసింది వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు. శిష్యపరంపరలు రాసుకునేటప్పుడు ఆ పేర్లు మనం రాసుకోలేదు.

మూడోది వీధి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుతో విజయనగరం చేరాడు. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది, 1919లో పెట్టింది. చదువు దొరికింది గానీ భోజనం లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆదరించి పాఠం చెప్పారు. అన్నానికి ఆ కుర్రాడు జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. మధుకరం అనగానే మనకి జాలి కథే గుర్తొస్తుంది. కానీ అదీ ఒక వ్యవస్థే. చదువుకునే కుర్రాడు గుమ్మంలోకొస్తే ఒక ముద్ద పెట్టాలని ఊరంతా రాతకోతలు లేకుండా ఒప్పుకున్న ఒప్పందం. ఆ ముద్ద పెట్టిన ఇల్లాళ్ళకి తాము ఎవరి గొంతుని పోషిస్తున్నామో తెలిసే అవకాశమే లేదు. ఈ ఒప్పందంలో కులం లెక్క కూడా ఉందన్నది మరిచిపోకూడదు. జోలె పట్టుకున్న ప్రతి కుర్రాడికీ ప్రతి గుమ్మం ముందూ నిలబడే వీలు ఆ రోజుల్లో లేదు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి జమీందార్లు తగ్గారు, ప్లీడర్లూ వర్తకులూ ఉద్యోగులూ పెరిగారు. వాళ్ళు చందాలేసుకుని సభలు పెట్టారు. కాకినాడ సరస్వతీ గానసభ 1904 నాటిది. మద్రాసు మ్యూజిక్ అకాడమీకన్నా పాతది. త్యాగరాజ ఆరాధనలు ఊళ్ళలోకి వచ్చాయి. ఆరాధన గొప్పదనం ఏమిటంటే అక్కడ పెద్ద విద్వాంసుడూ, నిన్నగాక మొన్న సరళీస్వరాలు దాటిన పిల్లాడూ ఒకే వేదిక మీద కూచోవచ్చు. బాలమురళి ఎనిమిదేళ్ళ వయసులో పేరు తెచ్చుకున్నది విజయవాడలో అలాంటి ఆరాధనలోనే. బ్లూగ్రాస్ వాళ్ళు వలయంగా కూచుని వాయించుకునే కూటాలకు మన దగ్గర దగ్గరి చుట్టం ఇదేననిపిస్తుంది. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం రావడంతో ఇంకో మార్పు. సంగీతం వచ్చినవాడికి నెలజీతం అనేది డెల్టాలో అప్పటిదాకా పెద్దగా తెలియని సంగతి.

ఇక్కడిదాకా కథ హాయిగానే ఉంది. ఇప్పుడు బందరు వెళ్దాం.

రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు 1862లో మచిలీపట్నంలో పుట్టారు, అక్కడి నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మహానుభావుడు; సంఘ సంస్కరణలో వీరేశలింగం గారి సరసన చెప్పుకునే పేరు. పెళ్ళిళ్ళలో భోగం మేళాలు పెట్టించకూడదు, ఆ మేళం ఉన్న సభకి వెళ్ళకూడదు అన్న ఉద్యమాన్ని నడిపినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నారు. ఆ ఉద్యమం తప్పని నేననను. చిన్నపిల్లల్ని గుడికి అంకితమిచ్చే ఆచారాన్ని సమర్థించడం నావల్ల కాదు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆ ఆచారాన్ని చట్టంతో నిషేధించింది, మంచిదే. కానీ ఆ క్రమంలో ఒక సంగతి జరిగింది. క్షేత్రయ్య పదాలని అభినయంతో సహా తరాలుగా కాపాడుకొచ్చింది కళావంతుల ఆడవాళ్ళు. మొవ్వ గోపాలుడి మీది పదం ఒక చూపుని ఎన్ని రకాలుగా విప్పుతుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. మేళాలు ఆగాయి, మాన్యాలు పోయాయి. పాట మాత్రం పేరున్న ఇళ్ళకీ సభలకీ చేరింది. పాడిన మనిషి గుమ్మం బయటే ఉండిపోయింది. వాళ్ళకోసం ఏ సభా నిధి పెట్టలేదు. చాలామంది తమ పాటని తామే దాచిపెట్టుకుని, పిల్లలకి కూడా చెప్పకుండా బతికారు.

ఇందులో పెద్ద వ్యంగ్యం తిరువయ్యూరులో ఉంది. ఇవాళ మనం ఊరూరా ఆరాధనలు చేసుకునే త్యాగరాజుకి, ఆయన సమాధి దగ్గర తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, ఒక దేవదాసి. అక్కడ ఆడవాళ్ళు పాడకూడదంటే పోరాడి పాడింది కూడా ఆవిడే. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో అచ్చువేయించి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నది కూడా ఆవిడే.

కూచిపూడిలోనూ ఆడవాళ్ళకి చోటు లేదు చాలాకాలం. సత్యభామ కూడా మగవాడే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటివాళ్ళు ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టాక, వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక లెక్క తిరగబడింది. ఇవాళ ప్రపంచమంతా కూచిపూడి ఆడేది ఎక్కువగా ఆడపిల్లలే. 2016లో విజయవాడలో సిలికానాంధ్ర జరిపిన సమ్మేళనంలో 6,117 మంది ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అదే సంస్థ కూచిపూడి ఊళ్ళో సంజీవని పేరుతో ఆసుపత్రి కట్టింది. నాకు రికార్డుకన్నా ఆసుపత్రి ముఖ్యమనిపిస్తుంది. ఒక కళమీది అభిమానం ఆ ఊరి మనిషికి వైద్యంగా అందింది కాబట్టి.

కళాకారుడు జోలె పట్టుకున్న సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి మన దగ్గర. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేలమంది పోయారు. అప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెలు పట్టి బాధితులకోసం వీధుల్లో తిరిగారు. నిమ్మకూరు, రామాపురం, ఇద్దరివీ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళే. అభిమానులు ఇళ్ళలోంచి పరుగెత్తుకొచ్చి ఉన్నది ఇచ్చారు. విజయనగరంలో ఒక గుడివాడ సీమ కుర్రాడి జోలెలో పడిన ముద్దకీ, నలభై ఏళ్ళ తర్వాత ఈ జోలెల్లో పడిన నోట్లకీ నాకు చుట్టరికం కనిపిస్తుంది. మనవాళ్ళకి ఇవ్వడం రాక కాదు.

మనకి రానిది దాన్ని నిలబెట్టుకోవడం. జోలె ఆపదలో పడుతుంది, ఆపద తీరగానే మడిచి అటకెక్కుతుంది. పేరున్నవాడికోసం నిండినంత సులువుగా, పేరులేనివాడికోసం నిండదు. 2020లో కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు బ్లూగ్రాస్ వాళ్ళు కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేకపోయింది. 1987 నుంచీ ఉన్న నిధి ఉంది. అదే ఏడాది మన డెల్టాలో శ్రీరామనవమి పందిళ్ళూ దసరా పందిళ్ళూ బోసిపోతే, పద్యనాటకాలకి హార్మోనియం వాయించే నాకు తెలిసిన ఒక పెద్దాయన వాట్సాప్ గ్రూపులో ఎవరో దయతలిచి పంపిన బియ్యం మీద నెట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళు జనాన్ని తెల్లవార్లూ కూచోబెట్టిన మనిషి ఆయన.

బ్లూగ్రాస్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. బిల్ మన్రో కుర్రతనంలో ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి విద్వాంసుడి దగ్గర విని నేర్చుకున్నాడు, ఆ మాట తనే చెప్పుకున్నాడు. అయినా ఆ సంగీతం చాలాకాలం తెల్లవాళ్ళ సొత్తుగానే చలామణీ అయింది. 2020లో వాళ్ళ సంఘం తాలూకు ఫౌండేషన్, నల్లవాళ్ళూ ఇతర జాతులవాళ్ళూ ఆ సంగీతంలోకి రావడానికి సాయపడే ఒక నిధిని షుల్ట్జ్ పేరుతో పెట్టింది. ఆలస్యమే. కానీ బాకీ ఉందని ఒప్పుకోవడం అది.

మనం బాకీ పడ్డవాళ్ళ జాబితా చిన్నదేం కాదు. గురుకులాల వంటింట్లో ఉన్నవాళ్ళు, మధుకరం పెట్టినవాళ్ళు, పదం నేర్పి పేరు పోగొట్టుకున్న కళావంతులు, ఆహ్వానపత్రికలో 'ఇతర కళాకారులు' అన్న రెండు మాటల్లో ఒదిగిపోయే పక్కవాద్యాలవాళ్ళు. ఇవాళ ప్రతి ఊళ్ళో ఘంటసాల విగ్రహం ఉంది, ఏటా దండ పడుతుంది. దండ వేసే సంఘం ఆ దండతోపాటు ఊళ్ళో ఒక్క హార్మోనిస్టు ఆరోగ్య బీమాకి ఏటా చందా కట్టినా, విజయనగరం వీధుల్లో తిన్న అన్నం అప్పులో కొంత తీరుతుంది.