పంపు స్టవ్వు కాలం

పంపు స్టవ్వులో తోలు వాషరు ఎండిపోతే ఎంత కొట్టినా ట్యాంకులోకి గాలి దిగదు. కడ్డీ చేతికి తేలిగ్గా ఆడుతుంది, మంట మాత్రం లేవదు. అప్పుడు పంపు మూత మర తిప్పి, కడ్డీ బయటికి లాగి, చివరనున్న తోలు బిళ్లను కాస్త నూనెలో నానబెట్టాలి. మెత్తబడ్డాక అంచుల్ని వేలితో విచ్చదీసి మళ్లీ దించితే గాలి పట్టుకుంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో ఒకప్పుడు కాపురాలు చేసిన ఆడవాళ్లలో చాలామందికి ఇది వంటతోపాటు అబ్బిన విద్య.

ఈ స్టవ్వు పుట్టిల్లు స్వీడన్. 1892లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ దీన్ని తయారుచేశాడు. ప్రైమస్ పేరుతో అది దేశదేశాలకూ వెళ్లింది. వత్తి లేదు. ట్యాంకులో గాలి ఒత్తిడికి కిరసనాయిలు పైకెక్కుతుంది, కాగిన బర్నరు గొట్టాల్లో ఆవిరవుతుంది, వెంట్రుకంత రంధ్రంలోంచి చిమ్మి నీలిమంటై హోరుమంటుంది. గిన్నె అడుగున మసి పట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, వంట కాగానే గాలి మర వదిలితే మంట ఆరిపోతుంది. కట్టెల పొయ్యి ముందు కళ్లు మండించుకున్న వాళ్లకు ఇది ఎంత గొప్ప సంగతో ఇవాళ ఊహించడం కష్టం.

గోదావరి డెల్టాలో కట్టె ఎప్పుడూ ప్రియమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద నేలంతా వరి అయింది, అడవి మాత్రం ఎగువన ఏజెన్సీలోనే ఉండిపోయింది. మామూలు ఇళ్లలో పొయ్యిలోకి పిడకలు, తాటాకులు, కొబ్బరి మట్టలు, తుమ్మ కంపలు పోయేవి. రైసు మిల్లులు పెరిగిన తాడేపల్లిగూడెం ప్రాంతంలో ఊక పొయ్యి ఉండేది. రేకు డబ్బా మధ్యలో గుండ్రటి కర్ర నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, కర్రను మెల్లగా పైకి లాగేస్తే ఆ బోలే పొగగొట్టమవుతుంది. వడ్ల తూకంలో ఇంచుమించు అయిదోవంతు ఊకే కాబట్టి సరుకుకు కొదవ లేదు. కాకపోతే దాన్ని మధ్యలో ఆర్పలేరు, పొగనూ ఆపలేరు.

కొల్లేటి లంకల్లో ఇబ్బంది ఇంకా పెద్దది. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు ఊళ్లమీదికొస్తే ముందు తడిసేది పిడకల గూడే. దోనెలో తెచ్చుకున్న సీసాడు కిరసనాయిలే అప్పుడు దీపానికీ, ఉన్నవాళ్లకైతే పొయ్యికీ ఆధారం.

కిరసనాయిలు ఈ సీమకు మొదట వెలుగుగానే వచ్చింది: బుడ్డిదీపం, లాంతరు, తర్వాత పెట్రోమాక్స్ లైటు. 1928లో ఏర్పడిన బర్మా షెల్ వంటి కంపెనీల సరుకు నాలుగు గ్యాలన్ల చదరపు రేకు డబ్బాల్లో వచ్చేది. నూనె అయిపోయాక ఆ డబ్బా మరో జన్మ ఎత్తేది. నీళ్ల కావడికి, బియ్యం దాచుకోవడానికి, విప్పి పరిస్తే పాక చూరుకు పనికొచ్చేది.

పెట్రోమాక్సుకూ పంపు స్టవ్వుకూ లోపలి కీలకం ఒకటే: పంపు, వాల్వు, ఆవిరి గొట్టం, సన్నరంధ్రం. పెళ్లిళ్లకు, బుర్రకథలకు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరవంటి సందళ్లకు లైట్లు సిద్ధం చేసే చెయ్యి స్టవ్వునూ బాగుచేయగలదు. గొడుగులు, తాళాలు, లైట్లు, స్టవ్వులు ఒకే సంచిలో ఇమిడిన వృత్తి అది. ఆ పనివాళ్లు వీధిలో కేకేసుకుంటూ వచ్చి అరుగుమీద కూర్చుని స్టవ్వు విప్పేవారు.

వాళ్ల పరీక్ష మంట రంగుతో మొదలయ్యేది. మంట పసుపుపచ్చగా లేచి మసి కొడుతోందంటే బర్నరు సరిగా కాగలేదు, లేదా రంధ్రం అరిగి వెడల్పయింది. కాగకపోతే బర్నరు కింది చిన్న గిన్నెలో మరికాస్త స్పిరిటు పోసి వెలిగించాలి. అరిగితే ఆ రంధ్రమున్న బిళ్ల మార్చాలి. మంట ఒక పక్కకే కొడితే రంధ్రంలో నలక పడ్డట్టు. రేకు పిడికి అతికించిన సన్నటి తీగ పిన్నుతో పొడవాలి, అదీ నిటారుగా, ఒక్కసారే. అడ్డదిడ్డంగా గుచ్చితే రంధ్రం పాడవుతుంది. పంపులోకి కిరసనాయిలు ఎగదన్నుతుంటే అడుగునున్న వాల్వు పోయినట్టే. ట్యాంకు అతుకు కారితే మాటు పెట్టాలి. ఇంత పని చేసి వాళ్లు తీసుకున్నది కొద్ది డబ్బులే. ఆ నేర్పుకు దక్కాల్సిన గౌరవం ఎన్నడూ దక్కలేదు.

తర్వాత చవగ్గా వత్తుల స్టవ్వులొచ్చాయి. 1970ల చివర ఇండియన్ ఆయిల్ పరిశోధకులు రూపొందించిన ‘నూతన్’ తక్కువ నూనెతో వండేది. వత్తుల మొనలు సమంగా కత్తిరించి, మాడిన భాగం తీసేస్తే చాలు, మంట గుండ్రంగా నిలిచేది. రేషను డిపో దగ్గర నీలంరంగు కిరసనాయిలు కోసం డబ్బాలు వరసలో పెట్టి నిలబడ్డ జ్ఞాపకం ఇక్కడ నడివయసు దాటిన ప్రతివారికీ ఉంటుంది.

ఈ చరిత్రలో ఒక నల్లటి పుట ఉంది, దాన్ని దాటేయడం అన్యాయం. ‘స్టవ్వు పేలి గృహిణి మృతి’ అన్న వార్త ఒకప్పుడు దేశమంతటా పత్రికల్లో మామూలైపోయింది. మండుతుండగా నూనె పోయడంవల్ల, అతిగా పంపు కొట్టడంవల్ల నిజంగా జరిగిన ప్రమాదాలు లేకపోలేదు. కానీ వాటి చాటున వరకట్న హత్యలు దాగాయి. పంపు స్టవ్వులా పేలేంత ఒత్తిడి వత్తుల స్టవ్వు ట్యాంకులో ఉండదు. ఏ స్టవ్వు, ట్యాంకు చీలిందా, మర బిగించి ఉందా అని అడగగలిగిన వాళ్లకే అబద్ధం దొరికేది. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు శిక్షాస్మృతిలో చేరడం వెనక ఈ మంటలున్నాయి.

1999లో రాష్ట్రప్రభుత్వం దీపం పథకంకింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. రేషను కిరసనాయిలు క్రమంగా ఆగింది. ఇత్తడి ట్యాంకుల స్టవ్వులకు లోహం విలువ ఉంది కాబట్టి తూకానికి వెళ్లి కరిగిపోయాయి. రేకు స్టవ్వులు తుప్పుపట్టి పోయాయి. బాగుచేసే విద్య తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఒక పాత స్టవ్వు విప్పించి, ఏ భాగాన్ని ఏమనేవారో రాసుకోవాల్సిన పని ఇక్కడి కాలేజీలకు ఇప్పుడైతేనే సాధ్యం.