ఇనుగుర్తి అచ్చుకూటము

బోధను ప్రాంతమువారికి 1937వ సంవత్సరమనగానే శక్కర్‌నగరులోని నిజాము చక్కెర కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. 2015లో అది మూతపడినది గాని, దాని పేరు చెరకు రైతులు మరువలేదు. ఆ 1937లోనే నిజామాబాదు పట్టణమున ఆరవ ఆంధ్ర మహాసభ కూడెను. అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు, "రయ్యతు" అను ఉర్దూ పత్రికకు సంపాదకులు. రయ్యతనగా రైతు, ప్రజ.

తెలుగువారు రైతు పేరిట ఉర్దూలో పత్రిక నడుపనేల అని మీరడుగవచ్చును. నిజాము రాజ్యములో కచ్చేరి భాష ఉర్దూ. కళాశాల చదువును చాలవరకు ఉర్దూలోనే. 1921లో హైదరాబాదున ఒక సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా సభవారు గేలిచేసిరి. ఆ రాత్రియే కొందరు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి.

మరుసటి యేడు ఆగస్టులో రెండు తెలుగు వారపత్రికలు బయలుదేరెను. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి "నీలగిరి పత్రిక" వచ్చెను. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను అన్నదమ్ముల "తెనుగు పత్రిక" వచ్చెను. నల్లగొండ పట్టణమే గదా, ఇనుగుర్తి పల్లెటూరు. నాకు ఆశ్చర్యము కలిగించునది ఇదియే. వార్తలు సేకరించుట, వ్రాయుట, సీసపు అక్షరములు కూర్చుట, అచ్చువేయుట, టపాలో పంపుట, అన్నియు ఆ అన్నదమ్ములే చేసికొనిరి. కూలివాడు రాలేదని వారము ఆగదు. చెరకు నరికినవారికి ఈ తొందర తెలియును: నరికిన గడ నిలువయుండిన రసము తగ్గును, వార్తయు అట్టిదే.

ఇంత చేసినను కొనువారెవరు? 1921 జనాభా లెక్కలనాటికి ఆ రాజ్యములో నూటికి అయిదుగురికైనను చదువు రాదు. ఒకడు చదువగా పదిమంది వినిననే పత్రిక ఊరికి చేరినట్లు. రెండు పత్రికలును పదియేండ్లు నిలువలేకపోయెను.

అవి ఆగకముందే, 1926 మే 10న, సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులో "గోలకొండ పత్రిక" ప్రారంభించిరి. అది వారమునకు రెండుమారులు వచ్చెడిది. తెలంగాణములో కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా, ఆయన వాదమునకు దిగక 354 మంది కవుల పద్యములు తెప్పించి 1934లో ప్రత్యేక సంచికగా అచ్చువేసిరి. మంచి జవాబు! ఆ ప్రతాపరెడ్డిగారే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. ఏడేండ్లకు నిజామాబాదులో ఆ పీఠముపై మరియొక పత్రికా సంపాదకుడే కూర్చుండెను.