రచనకు గీటురాయి గోష్ఠి

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇన్నాళ్లును మన మిచ్చట ఇతరులు వ్రాసినవి చదువుకొంటిమి. మన చదువరులలో పద్యములు, కథలు వ్రాసి పెట్టెలలో దాచుకొనువారును కలరు. వ్రాసినవారు గతించిన పిమ్మట ఆ కాగితములు చెదలపాలగుచున్నవి. అట్టివారికి ముఖ్యముగా కావలసినది పొగడ్త కాదు. శ్రద్ధతో విని తప్పొప్పులు చెప్పగల నలుగురు. ఒకరి రచన నొకరు పరిశీలించుకొనుట మనకు క్రొత్త కాదని సారస్వత చరిత్రయే చాటుచున్నది.

ఆదికావ్యమైన ఆంధ్ర మహాభారతమే ఒంటరి శ్రమచే పుట్టినది కాదు. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆ కార్యమునకు పూనుకొనగా, బహుభాషాకోవిదుడగు నారాయణభట్టు తోడుపడెను. భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడెట్లో తనకు నారాయణభట్టట్లని నన్నయ అవతారికలో కృతజ్ఞతతో చెప్పుకొనెను. ఈ పోలిక గమనింపదగినది. కృష్ణుడు విల్లు పట్టలేదు. పగ్గములు పట్టి త్రోవ చూపెను. యుద్ధము చేసినవాడు అర్జునుడే. మంచి విమర్శకుని పనియు నింతియే.

కుప్పమున కావలనున్న తమిళదేశమున నాట్యమునకే కాక గ్రంథమునకును అరంగేట్రము కలదు. కంబకవి తన రామాయణమును శ్రీరంగమున పండితుల యెదుట వినిపించి వారి సమ్మతి పొందెనని ఐతిహ్యము.

ఇటీవలి కాలమునకు వత్తము. 1920 ప్రాంతమున తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారు సాహితీసమితిని నెలకొల్పిరి. సభ్యులాయనను అన్నగారని పిలిచెడివారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, నోరి నరసింహశాస్త్రి, చింతా దీక్షితులు మున్నగువా రందు చేరిరి. ఒకరు గేయము, ఒకరు నవల, ఒకరు కథ. మార్గములు వేరైనను గోష్ఠి యొక్కటియే. నవ్యకవిత్వమునకు ఆదరణ లేని దినములలో ఆ సోదరభావమే వారికి బలమయ్యెను.

మన మదనపల్లెకును ఇట్టి భాగ్యము కలిగినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, 1911లో తాము రచించిన జనగణమన గీతమును సభలో పాడి వినిపించిరి. ఫిబ్రవరి 28వ తేదీన దానికి ఆంగ్లానువాదమును వ్రాసి యిచ్చిరి. సంగీతము చదివిన మార్గరెట్ కజిన్సుగారు దానికి స్వరలిపి కూర్చిరి. నోబెల్ బహుమానము పొందిన కవియే తన పాటను ఒక చిన్న పట్టణములోని సహృదయుల యెదుట నుంచి, ఒక సంగీతజ్ఞురాలి తోడ్పాటును స్వీకరించినప్పుడు, మనము సంకోచింపనేల?

లెక్కలు వ్రాయువారందరు నెరిగిన సంగతి యొకటి కలదు. తాను వ్రాసిన చిట్టాను తానే పదిమారులు కూడినను, తప్పిన అంకె మీదుగానే కన్ను జారిపోవును. మరియొకరు కూడినచో వెంటనే పట్టుబడును. రచనయు నట్టిదే. రచయిత మనసులో అర్థము ముందే యుండుటచే, కాగితముపై అది లేకున్నను అతనికి ఉన్నట్లే తోచును. వినువానికి మనసులోనిది తెలియదు గనుక, లోప మెచ్చటనో వాడే చెప్పగలడు. విన్నవానికిని మేలు కలదు: పరుల రచనలో కనుగొన్న దోషమును తన రచనలో గుర్తింప నేర్చును.

అయితే గోష్ఠికి మర్యాదలు కావలెను. రచనను విమర్శింపవలెను గాని రచయితను కాదు. మొదట గుణమును, పిదప దోషమును చెప్పవలెను. "బాగున్నది", "బాగులేదు" అని విడువక, ఏ పాదమున, ఏ వాక్యమున, ఎందుచేతనో చూపవలెను. రచయిత మధ్యలో వాదింపక తుదివరకు వినవలెను. దిద్దుటయా, ఉంచుటయా అను నిర్ణయము మాత్ర మతనిదే. కేవలము మెచ్చుకొను గోష్ఠి భజనమండలి యగును. కేవలము నిందించునది రచ్చబండ తగవగును.

నెలకొక ఆదివారము మన పఠనమందిరమున ఇట్టి గోష్ఠి జరుపుద మని పాఠకమహాశయులకు నా మనవి. పుంగనూరు, మదనపల్లె రచయితలు మనకు దూరపువారు కారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన కుప్పమునుండి పండితులను అప్పుడప్పుడు ఆహ్వానింపవచ్చును. ఒక దీపము, ఒక చాప, ఓర్పుగల నలుగురు చాలును. స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలలో ఒక్క అరయైనను మన ఊరివారి గ్రంథములతో నిండినచో, ఈ గ్రంథాలయమును స్థాపించిన పెద్దల శ్రమ ఫలించినట్లే.