నీటి రాకెట్టుకు దొరికిన సీసా

ఖాళీ సోడా సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా బిగించి, తలక్రిందుగా నిలిపి, బిరడాలోని సూదిగొట్టము ద్వారా సైకిలు పంపుతో గాలి కొట్టుదుము. కొంతసేపటికి బిరడా ఊడును. నీరు క్రిందికి చిమ్మును. సీసా మేడను దాటి పైకి పోవును. వట్టి గాలి తేలిక. బరువైన నీటిని నెట్టుటచేతనే సీసాకు అంత ఊపు వచ్చును. ఇందు నిప్పు లేదు, మందు లేదు, ఖర్చు స్వల్పము. మరి మన తాతలకు ఈ వినోదమేల లేకపోయినది?

సూత్రము పాతదే, న్యూటను 1687లోనే ప్రకటించినాడు. సైకిలు పంపును తాతలనాటిదే. లేనిదల్లా తగిన సీసా. గాలిని బంధించు గోలీసోడా సీసాను హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1870 దశకములో రూపొందించినాడు గాని, అది దళసరి గాజు. ఎగురుటకు బరువు, పగిలినచో పిల్లల కన్నులకే ముప్పు.

అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియెల్ వయెత్ (చిత్రకారుడు ఆండ్రూ వయెత్‌కు అన్న) ప్లాస్టిక్కులో సోడా నిలువదా యని యోచించి, సబ్బునీటి ఖాళీ సీసాలో జింజరు సోడా నింపి ఫ్రిజ్‌లో ఉంచినాడు. తెల్లవారుసరికది ఉబ్బి అరల నడుమ ఇరుక్కొన్నది! పిదప ప్లాస్టిక్కును నిలువునను అడ్డమునను సాగదీసినచో అణువుల గొలుసులు వరుసతీరి గట్టిపడునని గ్రహించి, పెట్ సీసాకు 1973లో పేటెంటు పొందినాడు. రాకెట్టు ఆయన తలపెట్టినది కాదు. మన పిల్లలకు దక్కిన కొసరు.

అయినను గీతలుపడిన సీసాను మేము ఒప్పుకొనము. గాలి కొట్టువారు పొడుగు గొట్టము తగిలించుకొని దూరముగ నిలువవలెను.